బయానా ఇచ్చేముందు…

మా మిరుదొడ్డిలో నా చిన్నప్పుడు ఇల్లు కొనడం అనే మాట వినలేదు. అందరూ ఇల్లు కట్టుకునేవాళ్లే. పంతులు చెప్పిన మంచిరోజున ముగ్గు పోసి, వడ్లాయనతో దర్వాజ చేయించుకుని, కూడవెల్లి వాగు నుంచి ఎడ్లబండ్ల మీద ఇసుక తోలించుకుని, సుతారి మేస్త్రికి పూటపూటా చాయ్ అందిస్తూ కట్టించుకునేవారు. ఆర్నెల్లు పట్టనీ, రెండేళ్లు పట్టనీ, పునాదిలో ఏ రాయి పడిందో, గోడ ఎన్ని అంగుళాలో ఇంట్లో పిల్లలక్కూడా తెలిసేది. ఎందుకంటే బడి నుంచి రాగానే గోడలకు నీళ్లు కొట్టేది మేమే. పైగా ఆ సుతారి మా ఊళ్లోనే ఉండేవాడు. కప్పు కారిందంటే పొద్దున్నే వెళ్లి అతని వాకిట్లో నిలబడితే చాలు. వాకిట్లో మనిషి నిలబడటాన్ని మించిన నోటీసు లేదు ఆ రోజుల్లో.

అలాంటి ఊళ్లో పుట్టినవాళ్లం, ఎవరో కట్టి, రంగులేసి, తాళం పెట్టి ఉంచిన ఇంటిని ఆ కట్టినాయన మాట నమ్మి కొనడం ఎంత కష్టమో 2024 వానాకాలంలో తెలిసొచ్చింది.

సిద్దిపేటలో ఇల్లు తీసుకోవాలన్న ఆలోచన మా ఆవిడది. పిల్లల చదువులు ఒకవైపు, అవ్వకు నెలనెలా గుండె డాక్టరు దగ్గరికి తిరుగుడు ఒకవైపు. 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లా అయ్యాక ఆఫీసులన్నీ అక్కడికే వచ్చాయి. అంతకుముందు ఏ పని పడ్డా సంగారెడ్డి దాకా పోవాల్సి వచ్చేది. 2023 అక్టోబరులో రైలు కూడా వచ్చింది. రైలు వచ్చిన ఊళ్లో గజం రేటు ఎటు పోతుందో మీకు చెప్పక్కర్లేదు.

నాకింకా తొమ్మిదేళ్ల సర్వీసుంది కనుక బ్యాంకు అప్పిస్తానంది. మిగిలింది నాయిన సంపాదించిన ఎకరం పది గుంటలు అమ్మితే వచ్చిన సొమ్ము. ఆ అమ్మకం కాయిదాల మీద మా అక్క తన వాటా రూపాయి అడగకుండా సంతకం పెట్టింది. జీతం పైసలు ఈ నెల పోతే వచ్చే నెల వస్తాయి. నాయిన ఎకరం మళ్లీ రాదు. అందుకే మూడు నెలలపాటు ఆదివారాలన్నీ ఇళ్లు చూడటానికే పోయాయి.

ఎన్నో చూశాం గానీ చివరికి మాటలు ముగ్గురి దగ్గర ఆగాయి.

మొదటాయన మా బావకు చిన్నాన్న కొడుకు. అంటే మా అక్కకు మరిది. పట్నం అంచున ఒకే వరుసలో నాలుగిళ్లు కట్టాడు. తెల్లటి గోడలు, గేటుకు బంగారు రంగు పువ్వులు, హాల్లో కప్పు నిండా లైట్లు. మనోడే కనుక రెండు లక్షలు తగ్గిస్తానన్నాడు. అగ్రిమెంటు మాటెత్తితే మాత్రం నవ్వాడు. "మనలో మనకు కాయిదాలేంది బావా? సగం నగదు తెచ్చియ్యి, సగం బ్యాంకుల వెయ్యి. దసరాకు పాలు పొంగియ్యిరి."

రెండో ఆయన్ని మేం చూడనే లేదు. చూసింది ఆయన ఆఫీసును, అందులో టై కట్టుకున్న కుర్రాణ్ణి. పట్నం బయట విల్లాలట. ఈతకొలను, పార్కు, క్లబ్ హౌస్ అన్నీ గోడమీద బొమ్మలో ఉన్నాయి. స్థలంలో మాత్రం తుమ్మచెట్లున్నాయి. ఇప్పుడే మొత్తం కడితే మార్కెట్ రేటులో మూడోవంతు తగ్గింపు, పద్దెనిమిది నెలల్లో తాళం చెవి. దీన్నే ప్రీ లాంచ్ అంటారని ఆ కుర్రాడు చెప్పాడు.

మూడో ఆయన ఒకప్పుడు సుతారి. ముప్పై ఏళ్లు ఇంకొకరికి గోడలు కట్టి, ఇప్పుడు ఏడాదికి ఒకటో రెండో ఇళ్లు సొంతంగా కట్టి అమ్ముతున్నాడు. మాట గరుకు. మొదటాయన తగ్గింపు తీసేసినా ఈయన చెప్పిన ధర ఇంకో మూడు లక్షలు ఎక్కువే. గేటుకు పువ్వులు లేవు. ఆయనను అవ్వ ఒకటే అడిగింది. "నీ సొంతిల్లు ఎవలు కట్టిండ్రు బిడ్డా?" ఆయన కాసేపు ఆగి, "ఇంక కట్టలేదవ్వా, కిరాయికే ఉంటున్న" అన్నాడు. అవ్వకు ఆ జవాబు నచ్చిందో లేదో అప్పుడు చెప్పలేదు.

ముందుగా తేలిపోయింది రెండో ఆయన సంగతి. 2016లో కేంద్రం రియల్ ఎస్టేట్ చట్టం తెచ్చింది. 2017 మే నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. అదే ఏడాది మన రాష్ట్రమూ నిబంధనలు రాసుకుంది. అందరూ రెరా అంటున్నది దీన్నే. దీని ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించి ఇళ్లు గానీ కట్టేవాళ్లు ముందు రెరాలో నమోదు కావాలి. నమోదు కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. రాతపూర్వకంగా అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో పదో వంతుకు మించి తీసుకోకూడదు. కొన్నవాళ్ల దగ్గర వసూలైన సొమ్ములో నూటికి డెబ్బై విడిగా ఒక బ్యాంకు ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు భూమికీ, కట్టుబడికీ మాత్రమే వాడాలి. అంటే ప్రీ లాంచ్ అని ముద్దుగా పిలిచేది, చట్టం వద్దన్న పనికి పెట్టిన పేరు. రెరా నంబరు అడిగితే ఆ కుర్రాడు "అప్లై చేశాం సర్, వచ్చేస్తుంది" అన్నాడు. వచ్చాకే వస్తామని చెప్పి మెట్లు దిగాం.

హైదరాబాదులో ఇలాంటివి జరిగాయి కనుకే మా ఆవిడ అంత గట్టిగా ఉంది. 2022 డిసెంబరులో సాహితీ ఇన్‌ఫ్రాటెక్ అధిపతిని పోలీసులు అరెస్టు చేసింది, అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్ల పేరుతో ప్రీ లాంచ్ సొమ్ము వందల కోట్లు తీసుకుని కట్టలేదన్న ఫిర్యాదుల మీదే. చౌకగా వస్తుందని ఒకేసారి మొత్తం కట్టినవాళ్లలో రిటైరైన ఉద్యోగులెందరో. పేరు పెద్దదైతే భయం లేదనుకోవడానికీ లేదు. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడితే, ఆ కుటుంబానిదే అయిన మేటాస్ ప్రాపర్టీస్ బాచుపల్లిలో కడుతున్న హిల్ కౌంటీ కూడా ఆగిపోయింది. సత్యంలో ఏనాడూ షేరు కొననివాళ్లు, ఇల్లు మాత్రమే కొనుక్కున్నవాళ్లు, వాయిదాలు కడుతూ ఏళ్లపాటు ఎదురుచూశారు. వాళ్లు చేసిన తప్పేమీ లేదు.

ఇక మిగిలింది ఇద్దరు. ఇక్కడే అసలు చిక్కు. 500 చదరపు మీటర్లంటే దాదాపు 600 గజాలు. మన జిల్లా పట్నాల్లో నూట యాభై, రెండువందల గజాల్లో ఒక్కో ఇల్లు కట్టి అమ్మేవాళ్లలో చాలామంది ఆ గీతకు ఇవతలే ఉంటారు. అంటే రెరా గొడుగు వాళ్ల మీదికి రాదు. పెద్ద ప్రాజెక్టులో ఫ్లాటు కొన్నవాళ్లకు కట్టుబడిలో లోపం బయటపడితే అయిదేళ్లదాకా బిల్డరే బాధ్యుడనీ, చెప్పిన 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలనీ చట్టంలో రాసుంది. మనలాంటి చిన్న ఇల్లు కొన్నవాడికి మాత్రం అగ్రిమెంటులో రాయించుకున్నదే దిక్కు. అగ్రిమెంటే వద్దన్న మనిషిని ఏమనాలి?

అయినా మాటలు పట్టుకుని తీర్పు చెప్పొద్దని, వాళ్లిద్దరూ ఇంతకుముందు కట్టిన ఇళ్లకు వెళ్దామంది మా ఆవిడ. అదీ వానపడే రోజే వెళ్దామంది. ఎండాకాలంలో ఏ ఇల్లయినా బాగానే ఉంటుందట. 2024 సెప్టెంబరు మొదట్లో ముసురు పట్టి వదలని రోజుల్లో, గొడుగేసుకుని ముక్కూమొహం తెలియని వాళ్ల గేట్లు కొట్టాం. మొదట్లో నాకు మొహమాటంగా ఉండేది. కానీ ఇల్లు కొన్నవాళ్లకు తమ ఇంటి గురించి చెప్పుకోవాలని ఎంత ఉంటుందో! చాయ్ తాగకుండా పంపినవాళ్లు ఒక్కరు లేరు.

మా ఆవిడ దగ్గర ఒక టేపు, ఒక రూపాయి బిళ్ల ఉండేవి. బిళ్లతో నేలమీద టైళ్లు తట్టేది. గట్టిగా మోగితే సరే, డొల్లగా మోగితే కింద సిమెంటు సరిగా పడలేదన్నమాట. స్నానాల గదికి అవతలి గోడ ఏ గదిలోకి వస్తుందో కనుక్కుని, అక్కడున్న బీరువా పక్కన చెయ్యి పెట్టి చూసేది. చెమ్మ ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. మేడపైకెక్కి నీళ్లు గొట్టంవైపు పోతున్నాయా, నడుమ నిలుస్తున్నాయా అని చూసేది. చివరగా ఆ ఇంటి ఇల్లాలిని వంటింట్లోకి తీసుకెళ్లి ఒకే మాట అడిగేది. "ఫోన్ చేస్తే ఎత్తుతడా?"

బావ తమ్ముడు 2019లో కట్టిన ఇంట్లో గోడ అడుగున రంగు పొలుసులుగా లేచి ఉప్పు పూసింది. "రెండు ఎండకాలాలు పోతే ఆరుతదన్నడు. అయిదో ఎండకాలం గూడ పోయింది" అని నవ్వింది ఆ తల్లి. ఫోను ఎత్తుతాడట, రేపు వస్తానంటాడట. పక్కింట్లోనూ ఇదే కథ. కిటికీ రెక్క వానకు ఉబ్బి మూసుకోవడం లేదు. ఆ ఇంటాయన వడ్లాయన్ని తానే పిలిపించుకుని పైసలిచ్చుకున్నాడు.

సుతారి కట్టిన ఇళ్లలో లోపాల్లేవనుకునేరు. 2017 నాటి ఇంట్లో కిటికీ మూల నుంచి పైకి సన్నటి చీలిక ఉంది. దాన్ని చూపిస్తూ ఇంటాయన చెప్పాడు. "రెండుసార్లు వచ్చి పూడ్చి పోయిండు. వస్తడు గాని మనల్నే తిట్టుకుంట వస్తడు. మొక్క కుండీలు అన్ని ఒక్కదిక్కే పెట్టిర్రని మొన్న లొల్లి చేసిండు." ఇంకో ఇంట్లో బోరు మోటారు కాలిపోతే అది తన పని కాకపోయినా మనిషిని పంపాడట. తిరిగి వస్తుంటే మా ఆవిడ, చీలిక లేని ఇల్లు దొరకదు, వచ్చి పూడ్చేవాడు దొరికితే చాలు అంది. నేనైతే అప్పటికీ మూడు లక్షల దగ్గరే ఆగి ఉన్నాను.

సుతారి ఒకరోజు తన ఫోను తీసి ఫొటోలు చూపించాడు. ఇంటివి కావు, గుంతలవి! ప్రతి ఇంటికీ పునాది గుంతలో టేపు నిలబెట్టి తీసినవి, ఇనుప చువ్వలు కట్టాక కాంక్రీటు పోయకముందు తీసినవి. "మీది నల్లరేగడి. వానకు ఉబ్బుతది, ఎండకు పగులుతది. మొరం తగిలేదాక తవ్విన. గందుకే ఖర్సయింది" అన్నాడు. స్లాబు మీద మడులు కట్టి పదిరోజులు నీళ్లు నిలిపిన ఫొటో కూడా ఉంది. ఇంజనీరు మిత్రుణ్ణి అడిగితే, మామూలు సిమెంటుకు కనీసం వారం, ఇప్పుడొచ్చే బూడిద కలిపిన రకాలకు పదిరోజులు తడిగా ఉంచాలని పుస్తకాల్లోనే ఉందన్నాడు. బావ తమ్ముడి దగ్గర పునాది ఫొటోలు అడిగితే, "నా మీద నమ్మకం లేదా బావా" అన్నాడు. ఆ మాటకు జవాబు లేదు. అలాంటి మాటలు అందుకే పుట్టాయేమో.

కాయిదాల పని ఆ వారమే మొదలుపెట్టాం. ఇద్దరి స్థలాలకూ లింకు డాక్యుమెంట్లు, ముప్పై ఏళ్ల ఈసీ, వ్యవసాయ భూమిని ఇళ్ల స్థలంగా మార్చిన నాలా పత్రం, లేఅవుటు అనుమతి. హైదరాబాదులో 2024 జులైలో హైడ్రా ఏర్పడి చెరువుల్లో కట్టినవాటిని కూల్చడం మొదలుపెట్టాక మా వైపు కూడా జనం శిఖం భూమేనా, ఎఫ్‌టీఎల్ ఎంతదాకా అని అడగడం నేర్చారు. ఆ విషయంలో రెండు స్థలాలూ శుభ్రంగానే ఉన్నాయి. తేడా వచ్చింది మున్సిపాలిటీ ప్లాను దగ్గర. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టంతో 600 గజాలలోపు, పదిమీటర్ల ఎత్తులోపు ఇళ్లకు యజమాని తానే ధ్రువీకరిస్తే వెంటనే అనుమతి వస్తుంది. అదే చట్టంలో, చెప్పింది అబద్ధమైతే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చవచ్చనీ ఉంది. అంటే అనుమతి పత్రం చేతిలో ఉన్నంత మాత్రాన ఎవరో ఆఫీసరు వచ్చి కొలిచి చూశాడని కాదు. మా ఆవిడ టేపు మళ్లీ బయటికొచ్చింది. బావ తమ్ముడి ఇంట్లో ప్లాను ప్రకారం వెనక వదలాల్సిన ఖాళీలో ఒక గది వెలిసింది. స్టోర్‌రూమ్ అదనంగా ఇస్తున్నానని ఆయన చెప్పుకున్న గది అదే. సుతారి ఇంట్లో ఖాళీ ఖాళీగానే ఉంది, అందులో పాత తట్టలు, పారలు ఉన్నాయి.

నగదు గొడవ మాత్రం ఇద్దరి దగ్గరా వచ్చింది. సుతారి కూడా కొంత చేతికివ్వమన్నాడు. 2015 జూన్ నుంచి స్థిరాస్తి అమ్మేవాళ్లు ఇరవై వేలుగానీ ఆపైనగానీ నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే అంతకంత జరిమానా పడేది తీసుకున్నవాడికే. ఈ సంగతి చెబితే సుతారి రెండురోజులు ఆలోచించుకుని, ఆడిటరును అడిగొచ్చి, సరే చెక్కే ఇయ్యిరి అన్నాడు. దానితో రిజిస్ట్రేషన్ ఖర్చు మాకు పెరిగింది. నూటికి ఏడున్నర అంటే చిన్న మాట కాదు. కానీ కాయిదం మీద తక్కువ రాయించుకుంటే బ్యాంకు అప్పు తగ్గుతుంది, పేచీ వస్తే కోర్టులో మన పైసలకు సాక్ష్యమే ఉండదు.

ఇంత చూశాక కూడా నాలుగురోజులు నిద్రపట్టలేదు. ఇంటి సంగతి తేలింది, అక్క సంగతి తేలలేదు. బావ అప్పటికే మనోడి ఇల్లు ఖాయమైనట్టు నలుగురికి చెప్పేశాడు. వాటా అడగని అక్క ముందు నిలబడి, నీ మరిది ఇల్లు నాకొద్దని ఎలా చెప్పాలి? చివరికి ఫోనులోనే చెప్పాను. గోడల ఉప్పు, వెనక గది అన్నీ. అక్క చాలాసేపు ఏం మాట్లాడలేదు. "తమ్మీ, నేను దస్కతు పెట్టింది నీకో ఇల్లు కావాలని. మా మరిది ఇల్లు అమ్ముడుపోవాలని కాదు. ఈయనకు నేను చెప్పుకుంట" అంది. ఆమె ఎలా చెప్పుకుందో నేను అడగలేదు. బావ ఆర్నెల్లు మా గడప తొక్కలేదు. గృహప్రవేశానికి వచ్చాడు గానీ భోజనానికి ఆగలేదు.

ఎంచుకునే వీలుండటమూ ఒక భాగ్యమేనని ఆ రోజుల్లో చాలాసార్లు అనిపించింది. మా పక్కనే తొగుట మండలంలో ఏటిగడ్డ కిష్టాపూర్, వేములఘాట్, పల్లెపహాడ్ ఊళ్లు 50 టీఎంసీల మల్లన్నసాగర్ కింద పోయాయి. అక్కడివాళ్లకు గజ్వేల్ దగ్గర ముట్రాజ్‌పల్లిలో కాలనీ కట్టించారు. వాకిళ్లూ పశువుల కొట్టాలూ ఉన్న ఇళ్లు వదిలి, వరుసల్లో నంబర్లేసిన ఇళ్లలోకి వెళ్లారు. మేస్త్రి ఎవరు, పునాది ఎంత అని అడిగే సందే వాళ్లకు లేదు. మేం గేటు పువ్వుల గురించి తర్జనభర్జన పడ్డాం.

బయానా ఇచ్చేముందు సుతారితో అగ్రిమెంటు దగ్గర కూర్చున్నాం. రాసేది రైటరే అయినా చెప్పేది మా ఆవిడే. అయిదేళ్లలోపు గోడలో, కప్పులో చెమ్మ గానీ చీలిక గానీ వస్తే, చెప్పిన 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. రెరాలో ఉన్న మాటనే మా కాయిదంలోకి దించుకున్నామన్నమాట. దర్వాజలు టేకువని, కిటికీలు ఏ కట్టెవో, బోరు ఎన్ని అడుగులో, కరెంటు వైరు ఏ కంపెనీదో పేరుతో సహా రాయించాం. చెప్పిన తేదీ దాటితే నెలనెలా మా కిరాయి తానే కట్టాలి. ఆ మాట దగ్గర ఆయన కలం కింద పెట్టేశాడు. "ముప్పై ఏండ్లల్ల నాతోని ఇన్ని మాటలు ఎవ్వలు రాపియ్యలేదు సారూ" అన్నాడు. అప్పటిదాకా మూల కూర్చున్న అవ్వ, "రాసినంత మాత్రాన పోయేదేముంది బిడ్డా, చేసేటోనివేనాయె" అంది. ఆయన కాసేపు అవ్వను చూసి సంతకం పెట్టాడు. మూడు లక్షల్లో లక్షన్నర తగ్గించాడు కూడా. అది అవ్వకోసమా, మా ఆవిడ పోరు పడలేకనా అన్నది తేలలేదు.

2025 ఉగాది తర్వాత ఇంట్లో దిగాం. ఆ ఆగస్టు ఆఖరులో మెదక్, కామారెడ్డి జిల్లాలను ముంచెత్తిన వానలు మా వైపూ వదల్లేదు. మూడోరోజు పొద్దున మెట్లకింద గోడ మీద చేటంత మచ్చ కనిపించింది. మా ఆవిడ ఫోన్ చేసింది. ఎత్తాడు. వాన తెరిపిచ్చాక నాలుగోరోజు ఒక సుతారిని, అర బస్తా సిమెంటును స్కూటర్ మీద వేసుకుని వచ్చాడు. మేడమీద పిట్టగోడ మూలన మేం పెట్టిన తులసికోట చూసి గట్టిగానే మాట్లాడాడు. దాన్ని పక్కకు జరిపి, మూల అంతా చెక్కేసి, కొత్తగా గచ్చు చేశారు. అవ్వ చాయ్ పంపింది. పోతూపోతూ ఆయన, "ఇప్పుడే అయిపోలే. ఎండినంక మడికట్టి రెండురోజులు నీళ్లు నిలుపుండ్రి, అప్పుడు దిగుతదో లేదో నేనే వచ్చి చూస్త" అన్నాడు. చెప్పిన రోజుకు వచ్చి, మెట్లకింద గోడను అరచేత్తో తడిమి చూసి, చెయ్యి లుంగీకి తుడుచుకుని వెళ్లిపోయాడు.